కొంగుముడి అంత దూరం

ఫోను మోగేసరికి సిద్ధు నోట్లో సగం మిరపకాయ బజ్జీ ఉంది, మిగతా సగం మేఘ చేతిలో ఉంది. వాకిట్లో పెళ్ళిపందిరి గుంజలు పెరికిన గుంతలింకా పూడనే లేదు. ఒకే బజ్జీని ఇద్దరూ పంచుకు తినడం కూడా ఆ రోజుల్లో వాళ్ళకొక పండగ. అవతల మాట్లాడుతున్నది కొట్రమ్మ, సిద్ధు తల్లి. బళ్ళారి ఆసుపత్రిలో కూతురి మంచం పక్కన నిలబడి, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతుతో, సౌభాగ్యకు ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీ బిడ్డా చల్లగా ఉన్నారనీ చెప్పింది.

సౌభాగ్య సిద్ధుకు ఒక్కగానొక్క అక్క. తొలికాన్పుకని సిరుగుప్పలోని పుట్టింటికి వచ్చి ఉంది. ఆ మాట చెవిన పడగానే సిద్ధు తండ్రి ఆంజినప్ప చేతిలోని టీ గ్లాసు కింద పెట్టబోయి మండక్కి బొరుగుల గిన్నెలో పెట్టాడు. సిద్ధు గబుక్కున బజ్జీ మింగేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మిరపకాయవో సంతోషానివో అడిగితే అతనే చెప్పలేడు. మేఘ లేచి నిలబడి, ఏం చెయ్యాలో తోచక, తన చేతిలోని సగం బజ్జీని మూలన కూర్చున్న హంపమ్మ అవ్వ చేతిలో పెట్టింది. హంపమ్మ ఆంజినప్పకు తల్లి, ఆ ఇంటికి పెద్ద.

అంతలో ఫోను ఇంకోసారి కిచకిచమంది. ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటో పడింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. దాని వెనక మసకగా గులాబీ రంగు ముద్ద ఏదో కనిపిస్తోంది. సిద్ధు బొటనవేలు దాని మీదికి పోయింది.

"నచ్చత్రం ఏదంట?" అని అవ్వ మూల నుంచే అడిగింది.

కొట్రమ్మ ఇంకా ఫోన్ స్పీకరులోనే ఉంది. "రోహిణి అంట అత్తా. గాదిలింగప్ప స్వామిని అడిగి కనుక్కుంటి."

గోడ పట్టుకుంటే గానీ లేవలేని అవ్వ ఎట్లా లేచిందో, ఎప్పుడు వచ్చిందో, వచ్చి ఫోను మీద అరచెయ్యి పెట్టేసింది. చెయ్యంతా బజ్జీ నూనె.

"చూడాకప్పా. రోహిణిలో పుట్టిన బిడ్డ మొకం మేనమామ నేరుగా చూడకూడదు. గండం. శాంతి చేసినంక నూనెలో చూడాల."

"ఫోటోనే గదా అవ్వా."

"ఫోటోలో ఉండేది ఎవురి మొకం? నీదా?"

సిద్ధు బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు. డిగ్రీ చదివిన మేఘే ఫోనును బోర్లా పెట్టింది.

అదే రోజు సిద్ధును ఇంటి గ్రూపులోంచి తీసేశారు. గాదిలింగప్ప స్వామి పంచాంగం చూసి శాంతికి ఒక ఆదివారం కుదిర్చాడు. తెల్లవారకముందే, బాలింత గదిలోనే, నూనె దీపం వెలుతుర్లో జరగాలన్నాడు. కరెంటు లైటు వేస్తే నూనెలో బిడ్డ ముఖానికి బదులు బల్బు కనిపిస్తుందని అవ్వ విడమరిచి చెప్పింది. సౌభాగ్యను, పాపను ఇంటికి తెచ్చే ముందురోజే కొట్రమ్మ ఒక పూట ఇంటికొచ్చి, కొడుకు పక్కబట్టలు చుట్టి, తెక్కలకోట రోడ్డులో అతను పని చేసే రైసు మిల్లుకు పంపించింది. మిల్లు ఆఫీసు వెనక ఒక రేకుల గది ఉంది. అక్కడే మకాం. కొత్త పెళ్ళికొడుకు ఊరవతల, కొత్త పెళ్ళికూతురు ఊళ్ళో.

మేఘకు నిజం చెప్పాలంటే అదీ బాగానే ఉంది. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని ఆటోలో మిల్లుకు పోవడం, ఊక దుమ్ములో తెల్లబడిన కనుబొమ్మలతో అతను ఎదురు రావడం, గుమాస్తాలు చూడనట్టు చూడటం, ఇవన్నీ పెళ్ళి ముందు జరగాల్సినవి ఇప్పుడు జరుగుతున్నట్టు ఉండేది. అతను క్యారియర్ మూత తీస్తూ, పాప ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని ఒక్కొక్కటే అడిగేవాడు. ఆమె చెప్పేది. అతను కళ్ళు మూసుకుని పాపను పోగు చేసుకునేవాడు.

అయితే రాత్రి ఒంటరిగా పడుకున్నప్పుడు ఆ సరదా ఉండేది కాదు. గండం అన్న మాట చెవిలో దోమలా తిరిగేది. తను నమ్మదు. నమ్మనని అత్తతో, వదినతో నవ్వుతూ చెప్పింది కూడా. కానీ సిద్ధు మిల్లుకు బయల్దేరిన రోజే బైకు తాళంచెవి మినపప్పు డబ్బా అడుగున దాచేసి, ఎక్కడో పడిపోయినట్టుంది అని అతనికి చెప్పింది. తెక్కలకోట రోడ్డులో వడ్ల లారీలు ఎట్లా పోతాయో ఆమె చూసింది మరి. నమ్మకం లేనివాళ్ళు తాళాలు ఎందుకు దాస్తారని ఎవరైనా అడిగుంటే ఆమె ఏం చెప్పేదో తెలియదు. ఎవరూ అడగలేదు.

ఆ గుబులును ఎటు మళ్ళించాలో తెలియక కాబోలు, మేఘ తన మనసంతా ఒక ఫోటో మీద పెట్టింది. సిద్ధు నూనెలో మేనకోడలి ముఖం మొదటిసారి చూసే ఆ క్షణం. అది తనే తియ్యాలి.

దానికొక కారణం ఉంది. వాళ్ళ పెళ్ళికి ఫోటోలు తీసింది బస్టాండు దగ్గర స్టూడియో నడిపే హొన్నప్ప. జీలకర్ర బెల్లం పెట్టి తెర దించినప్పుడు మేఘ సిద్ధు వైపు చూసింది. సిద్ధు ఆమె వైపు చూశాడు. ఇద్దరికీ ఎందుకో ఒకేసారి నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడు హొన్నప్ప ఫ్లాష్‌కు బ్యాటరీ మారుస్తున్నాడు. తర్వాత తెర మళ్ళీ పట్టించి, ఈసారి కొంచెం సిగ్గుగా చూసుకోండి అన్నాడు. ఆల్బంలో ఉన్నది ఆ రెండో చూపే. అందులో ఇద్దరూ పళ్ళ డాక్టరు ముందు కూర్చున్నట్టు ఉన్నారు. మొదటి చూపు ఎక్కడా లేదు, వాళ్ళ ఇద్దరి తలల్లో తప్ప. సిద్ధు జీవితంలో ఇంకో మొదటి చూపు రాబోతోంది. దీన్ని పోనివ్వకూడదు.

కెమెరా ఉంది. కాలేజీలో ఉన్నప్పుడు వాళ్ళ నాన్న కొనిచ్చింది. దానితో పాటు వచ్చిన జూమ్ లెన్స్ పగటిపూట బంగారమే గానీ, దీపం వెలుతురుకు గుడ్డిది. వంటింట్లో దీపం పెట్టి అవ్వను కూర్చోబెట్టి తీసి చూసింది. కెమెరా వెలుతురు చాలక చాలాసేపు కన్ను తెరిచి ఉంచింది. ఆ కాస్సేపట్లో ఆమె చెయ్యి వణికింది, అవ్వ తల ఊపింది. వచ్చిన బొమ్మలో అవ్వకు రెండు ముక్కులున్నాయి. స్టాండు పెడదామంటే బాలింత గదిలో మంచం, తొట్టిల, కుంపటి పోగా మనుషులకే చోటు లేదు. ఫ్లాష్ మాట ఎత్తగానే కొట్రమ్మ, పసిబిడ్డ కండ్లల్లో మెరుపు కొడతావా అని ఒక్క చూపు చూసింది. ఇక మిగిలింది ప్రైమ్ లెన్స్ ఒక్కటే.

ప్రైమ్ లెన్స్ అంటే ఏమిటని అవ్వ అడిగింది. జూమ్ లెన్స్ మనం కూర్చున్న చోటు నుంచే దగ్గరికీ దూరానికీ జరుగుతుంది, ప్రైమ్ జరగదు, కానీ దాని కన్ను చాలా పెద్దదిగా తెరుచుకుంటుంది కాబట్టి చీకట్లో కూడా చేత్తో పట్టుకుని తియ్యొచ్చు, దగ్గరా దూరం కావాలంటే మనమే కదలాలి అని మేఘ చెప్పింది.

"అంటే మా ఆంజినప్ప మాదిరి," అంది అవ్వ. "వాడు కదలడు. మనమే వాని చుట్టూ తిరగాల."

పేపర్ చదువుతున్న ఆంజినప్ప తల ఎత్తలేదు. కదలలేదు కూడా.

ఇక ఆమెకు పనికొచ్చే ప్రైమ్ లెన్సులు మూడు రకాలు. ముప్పై ఐదు, యాభై, ఎనభై ఐదు మిల్లీమీటర్లవి. అంకె పెరిగేకొద్దీ చూపు సన్నబడుతుంది, దూరం ఉన్నది దగ్గరవుతుంది. మేఘ రాత్రంతా ఫోన్లో వీడియోలు చూసింది. ఒకడు యాభై లేనిదే బతుకే లేదన్నాడు. ఇంకొకడు ముప్పై ఐదు అన్నాడు. పొద్దున లేచి హొన్నప్ప స్టూడియోకు పోయి అడిగితే, అతను ఆలోచించనే లేదు. ముఖాలు తియ్యాలంటే ఎనభై ఐదేనమ్మా, వెనకదంతా మీగడ మాదిరి కరిగిపోతుంది అన్నాడు. పెళ్ళిలో చూపు పోగొట్టినవాడి సలహా వినొచ్చా అని ఒక్క నిమిషం అనిపించింది. కానీ లెక్క సరిపోయింది. ఆమె గడప దగ్గర నిలబడుతుంది. సిద్ధు గది మధ్యలో పీట మీద కూర్చుంటాడు. అంత దూరానికి ఎనభై ఐదు కొలిచి చేసినట్టు ఉంటుంది.

బళ్ళారికి సిద్ధు వస్తానన్నాడు. తాళం దొరకలేదు కదా, పైగా మిల్లులో పని అని మేఘే ఆపింది. ఆమెను కౌల్ బజార్‌కు తీసుకుపోయింది మామ ఆంజినప్ప. ఆటోలు, బైకులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నట్టుండే ఆ సందులో, వాడిన కెమెరా సామాన్లు అమ్మే చిన్న అంగడి ఒకటుంది. అంగడాయన మూడు లెన్సులూ గాజు బల్ల మీద బట్ట పరిచి పెట్టి, యాడ నిలబడి తీస్తావు బేటీ అని అడిగాడు. గడప కాడ అని మేఘ తడుముకోకుండా చెప్పింది. ఆయన తల ఊపి ఎనభై ఐదును ముందుకు జరిపాడు. ఆంజినప్ప మూడింటినీ ఒక్కొక్కటిగా అరచేతిలో పెట్టుకుని, వడ్ల శాంపిలు చూసినట్టు బరువు చూశాడు. ఎనభై ఐదు దగ్గర చెయ్యి ఆగింది.

"ఇదే తీసుకోమ్మా. గింజ గట్టిగా ఉండాది."

మేఘ దాన్ని కెమెరాకు తగిలించి, అంగడి వెనక చీకటి మూలన మామను నిలబెట్టి ఒకటి తీసింది. తెర మీద చూసుకుని అక్కడే గంతెయ్యబోయింది. గడ్డం మీద తెల్ల వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. వెనక అట్టపెట్టెలన్నీ పొగలా కరిగిపోయాయి. మామ తన ముఖం తానే చాలాసేపు చూసుకుని, బాగానే ఉండాను గదా అన్నాడు. గీత పడకుండా తెస్తే మార్చిస్తానని అంగడాయన చెప్పినా మేఘ సరిగ్గా వినలేదు. మార్చాల్సిన పనేముంది? తిరుగు బస్సులో కిటికీ బయట కాలవ నీళ్ళు నిలిచిన వరి మడులు మెరుస్తుంటే, లెన్సును పసిపాపలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇంటికొచ్చాక గడప దగ్గర నిలబడి, తొట్టిలలో నిద్రపోతున్న పాపను తీసింది. సౌభాగ్య ఆ ఫోటో చూసి కళ్ళు ఒత్తుకుంది. మా సిద్ధు ఎప్పుడు చూస్తాడో అంది. మేఘ కెమెరాను సంచిలో పెట్టి, మళ్ళీ బయటికి తీసింది. ఫోటోలు బాగా వస్తున్నాయి, అయినా కాలు నిలవడం లేదు. గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అసలు దీపం ఎక్కడ పెడతారు? గిన్నె ఎంత వెడల్పు? అతను ఎటు తిరిగి కూర్చుంటాడు? శుక్రవారం సాయంత్రానికి ఇక పట్టలేక, ఒకసారి మిల్లులో రిహార్సల్ చేద్దామని అవ్వను బతిమాలింది. నవ్వుతుందనుకుంటే అవ్వ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. ఇంట్లో కూర్చుని కూర్చుని ఆమెకూ విసుగొచ్చింది.

వెడల్పాటి కంచు గిన్నె, సీసాలో నువ్వుల నూనె, దీపపు సెమ్మె, కెమెరా సంచి అన్నీ ఆటోలో పెట్టారు. పాపకు బదులు ఏదన్నా కావాలి కదా అని అవ్వ వంటింట్లోంచి ఒక లేత సొరకాయ తెచ్చి, పాత చీర ముక్కలో చుట్టింది. కాటుకతో రెండు కళ్ళు కూడా పెట్టింది. ఊరికే ఉండలేక బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. ఆటోవాడు అద్దంలోంచి సొరకాయను చూసి, బండి నెమ్మదిగా నడిపాడు.

మిల్లు ఆగిపోయింది. కూలీలు వెళ్ళిపోయారు. ఆ రేకుల గదిలో పగలు కూడా చీకటే. ఒక పక్క ఖాళీ గోనెసంచుల దొంతర, ఇంకో పక్క సిద్ధు మంచం. సిద్ధు సొరకాయను చూసి, ఈ పాపను చూడొచ్చా, లేకపోతే దీన్ని కూడా నూనెలోనే చూడాలా అని అడిగాడు. దానిది ఏ నక్షత్రమో తెలియదు కాబట్టి కళ్ళు మూసుకోమని అవ్వ చెప్పింది. గది మధ్యలో గోనెపట్ట పరిచి అతన్ని కూర్చోబెట్టింది. ముందు గిన్నె పెట్టి నూనె పోసింది. దీపం వెలిగించింది. తను వెనక స్టూలు మీద కూర్చుని సొరకాయను అతని భుజం మీదుగా గిన్నె మీదికి వంచి పట్టుకుంది.

మేఘ గుమ్మం దగ్గర నిలబడి ఎనభై ఐదుతో చూసింది. సిద్ధు ముఖం ఎంత బాగా కనిపించిందంటే, ఒక్క క్షణం ఎందుకొచ్చిందో మరిచిపోయింది. దీపం వెలుతురు చెంప మీద పడి, కనురెప్పల నీడ కూడా కనిపిస్తోంది. తర్వాత కెమెరాను గిన్నె వైపు దించింది. గిన్నెలో రేకుల కప్పు కనిపించింది. రెండడుగులు పక్కకు జరిగింది. గిన్నెలో గోనెసంచులు కనిపించాయి. మునివేళ్ళ మీద లేచి చూసింది. కప్పుకు అడ్డంగా ఉన్న ఇనుప దూలం కనిపించింది. సొరకాయ గానీ సిద్ధు గానీ ఎక్కడా లేరు.

"నీకు కనిపిస్తాండాదా?" అని అడిగింది.

"బ్రహ్మాండంగా. రెండు కండ్లు, ఒక దిష్టిచుక్క," అన్నాడు సిద్ధు తల ఎత్తకుండా.

మేఘ కెమెరా దించింది. డిగ్రీలో అద్దాల పాఠం మీద పెద్ద ప్రశ్న వస్తే బొమ్మలు గీసి మరీ రాసి, మార్కులు తెచ్చుకుంది. అద్దంలో ఏది కనిపిస్తుందనేది చూసేవాళ్ళు నిలబడ్డ చోటును బట్టి ఉంటుందని రాసింది తనే. గడప దగ్గర నిలబడితే నూనెలోకి చూస్తున్న అతని ముఖం వస్తుంది, నూనెలో అతనికి కనిపించే ముఖం రాదు. నూనెలో ఉన్నది కావాలంటే ఆ నూనె మీదికి వంగాలి. అన్ని వీడియోలు చూసింది, అంగడి దాకా పోయింది, ఈ ముక్క మాత్రం గిన్నె ముందు పెట్టుకుంటే గానీ తలకెక్కలేదు.

"ఆడేం చేస్తాండావు నువ్వు?" అంది అవ్వ. సొరకాయ పట్టుకుని చేతులు లాగుతున్నాయి ఆమెకు. "వాని పక్కన కూచోకుండా?"

"నేను ఫోటో తియ్యాల గదా అవ్వా."

"ఫోటో తీసుకో, ఏమన్నా చేసుకో. శాంతికి ఒక్కనే కూచుంటాడా మొగోడు? గండం వాని ఒక్కనిదా? ఆలుమగలు కొంగుముడి ఏసుకుని కూచోవాల, ఇద్దురూ కలిసి చూడాల. ఇది కూడా తెలీకుండానే లెన్సు కొనుక్కొస్తివా?"

తెలియదు. ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన విషయం కాబట్టి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆమెకు తెలిసిన ఇళ్ళలో ఏ పూజ జరిగినా కెమెరా ఉన్నవాళ్ళు దూరంగానే నిలబడతారు. తను కూడా అట్లా దూరంగా ఉండే మనిషినే అనుకుంది.

అవ్వ సొరకాయను మంచం మీద పడుకోబెట్టి వచ్చి, మేఘ చీర కొంగు లాగి, సిద్ధు మెడలోని తువ్వాలుతో కలిపి గట్టిగా ముడి వేసింది. రిహార్సల్ అంటే రిహార్సలే అంది. మళ్ళీ సొరకాయ ఎత్తుకుంది.

ఇప్పుడు మేఘ సిద్ధు భుజానికి భుజం తగిలేటట్టు కూర్చుని ఉంది. ఎనభై ఐదుతో నూనెలోకి చూసింది. లెన్స్ లోపల ఏదో ముందుకూ వెనక్కూ గిరగిరా తిరిగింది. నూనె మీద తేలుతున్న ఒక బుడగను పట్టుకుని అదే ముఖం అనుకుంది. బుడగ స్పష్టంగా వచ్చింది, సిద్ధు మబ్బయ్యాడు. ముఖం ఉన్నది నూనె పైన కాదు, గిన్నె అడుగుకంటే కిందెక్కడో, మనిషి ఎంత ఎత్తున ఉంటే అంత లోతున. అదీ పాఠంలో ఉంది. చేత్తో తిప్పి ఎట్లాగో ఆ లోతుకు పోయింది. అప్పుడు కనిపించింది సిద్ధు కన్ను ఒకటి, సగం ముక్కు. అంతే. సొరకాయ ఎక్కడికి పోయిందో తెలియదు. ఇంకొంచెం వెనక్కి జరిగితే పడుతుందేమోనని జరిగింది. కొంగు బిగిసి, సిద్ధు మెడ పక్కకు లాగింది.

"నన్ను ఉరేసి చంపి గండం నువ్వే తీర్చేటట్టుండావే," అన్నాడు సిద్ధు.

అవ్వ కిసుక్కున నవ్వింది. మేఘకు నవ్వు రాలేదు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కెమెరా కిందికి దించి, ఊరికే గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

నల్లగా మెరిసే నూనెలో ముగ్గురున్నారు. కాటుక కళ్ళ సొరకాయ, దాని పక్కన సిద్ధు, అతని చెంపకు ఆనుకుని తను. దీపం వెలుతురు అందరికీ పసుపు పూసినట్టుంది. అతని ఊపిరి తగిలి నూనె కదిలింది. అతని ముఖం ముక్కలు ముక్కలై గిన్నె అంచుల దాకా చెదిరిపోయింది. మేఘ తనకు తెలియకుండానే అతని మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వెచ్చగా, ఊక దుమ్ముతో గరగరగా ఉంది. నూనె నెమ్మదిగా నిలిచింది. కనుబొమ్మలు వచ్చాయి, ముక్కు వచ్చింది, నవ్వాపుకుంటున్న మూతి వచ్చింది. నూనెలోంచి అతను ఆమె వైపే చూస్తున్నాడు. తెర దించిన రోజు చూసినట్టే.

ఆమె చప్పున సంచిలోంచి పాత జూమ్ లెన్స్ తీసి తగిలించింది. చీకటికి పనికిరాకపోయినా ఎంత వెడల్పు కావాలో అది చెప్పగలదు. కొంగు బిగియకుండా, భుజం కదలకుండా కూర్చుని, యాభై దగ్గర పెట్టి చూసింది. సొరకాయ, సిద్ధు పట్టారు, తను పోయింది. ముప్పై ఐదు దగ్గర పెట్టింది. గిన్నె అంచు గుండ్రంగా మొత్తం వచ్చింది, దాని లోపల ముగ్గురూ వచ్చారు. మీట నొక్కింది. బొమ్మ మసకగా, వణికిపోయి, సొరకాయకు నాలుగు కళ్ళతో వచ్చింది. కానీ ఎవరు ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నారు.

"ముప్పై ఐదు," అంది. "కొంగుముడి అంత దూరానికి ముప్పై ఐదే. దాని కన్ను పెద్దది, ఈ దీపం చాలు. వెడల్పుది కాబట్టి నా చెయ్యి రవ్వంత వణికినా తెలీదు. ఇంతసేపూ నేను తప్పు చోట నిలబడి కొలిచినా."

"మారుస్తాడా అంగడోడు?" అని అడిగాడు సిద్ధు.

"మారుస్తానన్యాడు. గీత పడకుంటే." ఎనభై ఐదును దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. గీత లేదు. "రేపు ఒక్క దినమే ఉండాది. ఎల్లుండి తెల్లారకముందే శాంతి."

తనే పోయి తెస్తానన్నాడు సిద్ధు. ఏ లెన్సో పేరు రాసిస్తే చాలు, బైకు మీద పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తా, కాకపోతే తాళమే లేదు అన్నాడు. ఆ చివరి మాట అంటూ గిన్నెలోకే చూశాడు. మేఘ కూడా గిన్నెలోకే చూసింది. నూనెలో అబద్ధం చెప్పడం కష్టం, ఇద్దరి ముఖాలూ పక్కపక్కనే ఉంటాయి.

"తాళం మినపప్పు డబ్బాలో ఉండాది," అంది మేఘ. "నేనే పెట్టినా."

"తెలుసు. దోసెలకు పప్పు పోసుకుంటాంటే అమ్మకు దొరికిందంట. ఫోన్ చేసి చెప్పి, మళ్ళీ ఆడనే పెట్టేసింది. పిల్లకు భయమున్నట్టుండాది, ఉండనీ అనింది."

అత్తకు తెలుసు, ఇతనికి తెలుసు. క్యారియర్ తెచ్చినప్పుడల్లా, తాళం దొరికిందా అని ఏమీ ఎరగనట్టు అడిగాడు కూడా. సిగ్గు వెయ్యాల్సిన చోట మేఘకు ఎక్కడలేని ఊరట కలిగింది. మోచెయ్యి పట్టుకున్న చెయ్యి తియ్యలేదు.

"తాళం ఇస్తా," అంది. "కానీ రేపు బైకు వద్దు. నువ్వు ఒక్కనివే పోవద్దు. నేను ఒక్కదాన్నే పోయి ఇంగొకసారి గడప కాడ నిలబడినట్టు కొలిచి తేలేను. నీ భుజం పక్కన లేకుంటే దూరం ఎంతనో నాకు తెలీదు."

సిద్ధు ఆమె వైపు తిరిగాడు. ఈసారి నూనెలో కాదు, నేరుగా. ముడి ఇంకా విప్పలేదు కాబట్టి ఎక్కువ దూరం తిరగలేకపోయాడు.

"అయితే ఇనండి," అంది అవ్వ వెనక నుంచి. చేతులు నొప్పి పుట్టి సొరకాయను సిద్ధు తల మీద ఆనించి పెట్టింది. "రేపు తొలి బస్సుకు ముగ్గురం బళ్ళారికి పోతాండాం. గిన్నె నేను పట్టుకుంటా, నూనె సీసా సిద్ధు పట్టుకుంటాడు. ఆ అంగడోని బల్ల ముందర మిమ్మల్ని ఇద్దర్నీ ఇట్లనే కూచోబెట్టి, కొంగుముడి ఏసి, నూనె పోసి, చూసి మరీ తెస్తాం. నవ్వేటోళ్ళు నవ్వుకోనీ. ఈ సొరకాయ కూడా వస్తాది, రేపటిదాకా దీన్ని ఎవురూ కొయ్యాకండి."